చెడగొట్టడానికి ఒక నెట్‌వర్క్



డిగ్రీయో పాలిటెక్నిక్ డిప్లొమాయో చేతికొచ్చాక నెట్‌వర్కింగ్ వైపు వెళదామనుకునే పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ముందుగా తలపెట్టేది సీసీఎన్ఏ పరీక్ష. సిస్కో కంపెనీ దీన్ని 1998లో మొదలుపెట్టింది. 2020 ఫిబ్రవరి నుంచి 200-301 అనే ఒకే పరీక్షగా నడుపుతోంది. పరీక్ష రెండు గంటలు. ఫీజు 300 డాలర్లు, పన్నులు అదనం. మన డబ్బుల్లో పాతికవేలు సులువుగా దాటుతుంది. తప్పితే మళ్లీ అంతా కట్టాల్సిందే. పాసయినా మూడేళ్లకు గడువు తీరిపోతుంది.

కోచింగ్ ఫీజు, హాస్టల్ అద్దె, పైన ఈ పరీక్ష ఫీజు కట్టాక ఒక కుర్రాడి దగ్గర సాధనకు మిగిలేది ఎంత? ఆ మిగిలిన కొద్ది డబ్బుతో ఇంట్లో ల్యాబ్ ఎలా పెట్టుకోవాలన్నదే ఇవాళ్టి మాట. అసలు డబ్బే మిగలకపోయినా పెట్టుకోవచ్చు, అది కూడా చెబుతాను.

ముందు ల్యాబ్ ఎందుకో తేల్చుకుందాం. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాల్లో ర్యాక్ నిండా రౌటర్లు, స్విచ్‌ల పెట్టెలు కనిపిస్తాయి. చాలాచోట్ల జరిగేది ఇది: సారు బోర్డు మీద కమాండ్లు రాస్తారు, పిల్లలు అవే కొడతారు, పింగ్ వెళుతుంది, అందరూ సంతోషంగా ఇంటికి పోతారు. మర్నాడు అదే పింగ్ వెళ్లకపోతే ఎక్కడ చూడాలో మాత్రం ఎవరికీ తెలియదు. ఉద్యోగంలో మనకు అప్పజెప్పే పని ఆ రెండోదే. రాత్రి పూట ఫోను మోగేది నెట్‌వర్క్ నడుస్తోందని చెప్పడానికి కాదు కదా. అందుకని ఇంటి ల్యాబ్ అంటే నా దృష్టిలో నెట్‌వర్క్‌ను కావాలని చెడగొట్టి, మళ్లీ బాగుచేసుకునే చోటు. ఆఫీసులో ఆ పని ఎవరూ చెయ్యనివ్వరు. ఏ వస్తువు కొనబోయినా దీంతో నేను ఏం చెడగొట్టగలను అని ఒక్కసారి అడిగి చూసుకోండి, సగం ఖర్చు అక్కడే తగ్గిపోతుంది.

సున్నా రూపాయలతో మొదలుపెడదాం. సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ అకాడమీలో ఉచితంగా ఖాతా తెరిస్తే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఇస్తారు. పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. రౌటర్లు, స్విచ్‌లు, కంప్యూటర్లు బొమ్మలుగా తెచ్చి పెట్టుకుని, వాటి మధ్య కేబుళ్లు కలిపి, లోపలికి వెళ్లి కమాండ్లు కొట్టవచ్చు. ఇది నకలు యంత్రమే, అసలు రౌటర్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఇందులో లేదు. తయారుచేసినవాళ్లు ఏ కమాండ్లు పెట్టారో అవే పనిచేస్తాయి. అయినా సీసీఎన్ఏ సిలబస్‌లో ఎక్కువ భాగానికి ఇది సరిపోతుంది. దీన్ని చిన్నచూపు చూసి, ముందే పెట్టెలు కొనడానికి పరిగెత్తేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

ప్యాకెట్ ట్రేసర్‌లో ఏం చెయ్యాలి? ఒక రౌటర్, ఒక స్విచ్, నాలుగు కంప్యూటర్లు పెట్టండి. రెండు కంప్యూటర్లను వీల్యాన్ 10లో, రెండింటిని వీల్యాన్ 20లో వెయ్యండి. స్విచ్ నుంచి రౌటర్‌కు ఒకే కేబుల్, దాని మీద ట్రంక్. రౌటర్ పోర్టును రెండు సబ్ ఇంటర్‌ఫేసులుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో వీల్యాన్ అంకె ఇవ్వండి. పింగ్ వెళ్లాక కమాండ్లన్నీ కాపీ చేసి దాచుకోండి. అసలు చదువు ఇక్కడినుంచి. సబ్ ఇంటర్‌ఫేసులో 20 బదులు 200 అని మార్చండి. వీల్యాన్ 20 కంప్యూటర్లు వాటిలో అవి మాట్లాడుకుంటాయి, బయటకు మాత్రం పోలేవు. దాన్ని సరిచేసి, ఈసారి ట్రంక్ మీద అనుమతించిన వీల్యాన్ల జాబితాలోంచి 20ని తీసెయ్యండి. బయటికి కనిపించే జబ్బు అచ్చం అదే, కారణం వేరు. ఆ తర్వాత ఒక కంప్యూటర్‌లో గేట్‌వే అడ్రస్ ఒక్క అంకె తప్పుగా రాయండి. ఇప్పుడు ఆ ఒక్కటే బయటకు పోలేదు, పక్కనున్నది పోగలదు. ఒకే ఫిర్యాదు వెనక ఉన్న వేరువేరు కారణాలను ఏ షో కమాండ్ ఎలా విడదీస్తుందో చేత్తో చేసి చూస్తేనే బుర్రకెక్కుతుంది. ఇంకా మంచి పద్ధతి, ఒక స్నేహితుడికి ఫైలు ఇచ్చి చెడగొట్టి పంపమనండి. మీరు చెడగొట్టినదాన్ని మీరే బాగుచేస్తే జవాబు ముందే తెలిసిపోయి ఉంటుంది.

సబ్‌నెట్టింగ్‌కు ల్యాబ్ అక్కర్లేదు, కాగితం కలం చాలు. పరీక్షలో కాలిక్యులేటర్ ఇవ్వరు.

ప్యాకెట్ ట్రేసర్ హద్దులు తగలడం మొదలయ్యాక తర్వాతి మెట్టు ఎమ్యులేటర్లు. జీఎన్ఎస్3, ఈవీఈ ఎన్‌జీ అనేవి ఉచితంగా దొరుకుతాయి. వీటిలో అసలు రౌటర్ సాఫ్ట్‌వేరే మీ కంప్యూటర్ లోపల నడుస్తుంది. కాబట్టి అసలు పెట్టె ఎలా ప్రవర్తిస్తుందో ఇదీ దాదాపు అలాగే ప్రవర్తిస్తుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎమ్యులేటర్ ఉచితమే గానీ, దాంట్లో పెట్టే సిస్కో రౌటర్ సాఫ్ట్‌వేర్, అంటే ఐఓఎస్ ఇమేజి, ఉచితం కాదు, దానికి లైసెన్సు ఉండాలి. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారనో టెలిగ్రామ్‌లో దొరికిందనో వాడటం చట్టానికి విరుద్ధం. ఆ ఫైలు లోపల ఇంకేం దూరి ఉందో కూడా తెలియదు. నెట్‌వర్క్ భద్రత నేర్చుకునేవాడు మొదటి అడుగే అలా వెయ్యడం ఏం బాగుంటుంది?

న్యాయమైన దారులు ఉన్నాయి. సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ అని సిస్కో వాళ్లదే ఒకటి ఉంది. దాని వ్యక్తిగత లైసెన్సుకు ఏడాదికి 200 డాలర్ల దాకా అవుతుంది. కానీ 2024 చివర్లో దాని ఉచిత రూపం కూడా వదిలారు. అందులో ఒకేసారి 5 పరికరాల వరకు నడపవచ్చు. తక్కువే అనిపిస్తుంది గానీ, మూడు రౌటర్లు రెండు స్విచ్‌లతో చెయ్యగల పని చాలా ఉంది. సిస్కో పేరు అక్కర్లేదు, సూత్రం అర్థమైతే చాలనుకుంటే లినక్స్ మీద ఎఫ్ఆర్ రౌటింగ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. దాని కమాండ్లు సిస్కోవాటికి దగ్గరగా ఉంటాయి. అరిస్టా కంపెనీ కూడా పేరు నమోదు చేసుకున్నవాళ్లకు తన స్విచ్ సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్‌గా ఇస్తుంది. దాని కమాండ్లూ అదే బాణీలో ఉంటాయి.

వీటికి కావలసింది మెమరీ. ఒక్కో వర్చువల్ రౌటర్ అరజీబీ చొప్పున తింటుంది, కొన్ని మూడు నాలుగు జీబీలు కూడా అడుగుతాయి. మీ దగ్గర 8 జీబీ ల్యాప్‌టాప్ ఉంటే ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించడం, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టించడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన ఖర్చు. రౌటర్ కొంటే రౌటర్‌గానే పనికొస్తుంది. ర్యామ్ కొంటే రేపు క్లౌడ్ నేర్చుకున్నా, పైథాన్ నేర్చుకున్నా పనికొస్తుంది. ఇంకో మాట, బయోస్‌లో వర్చువలైజేషన్ అనే మీట ఆపి ఉంటే ఇవేవీ సరిగా నడవవు. అది ఆన్ చేసుకోండి.

ఎమ్యులేటర్ చేతికొచ్చాక ఓఎస్‌పీఎఫ్ అనే రౌటింగ్ పద్ధతి మీద తీరిగ్గా కూర్చోండి. ఐపీ కనెక్టివిటీకి పరీక్షలో నాలుగో వంతు బరువు ఉంది, అందులో పెద్దపీట దీనిదే. మూడు రౌటర్లను త్రికోణంగా కలిపి ఓఎస్‌పీఎఫ్ నడిపించండి. పొరుగు రౌటర్లు ఫుల్ అనే స్థితికి వస్తాయి. ఇక చెడగొట్టడమే. ఈథర్‌నెట్ మీద హలో ప్యాకెట్టు 10 సెకన్లకొకసారి పోతుంది, 40 సెకన్లు వినబడకపోతే పొరుగువాడు పోయినట్టే లెక్క. ఒక వైపు హలోను 5 సెకన్లు చెయ్యండి. రెండు రౌటర్లూ ఒకదాని మాట ఒకటి వింటూనే ఉంటాయి, కానీ పొత్తు కుదరదు. ఏరియా అంకె మార్చినా అంతే. ఇద్దరికీ ఒకే రౌటర్ ఐడీ ఇచ్చి చూడండి, వింతగా ఉంటుంది.

నాకు ఇష్టమైన తప్పు ఎంటీయూ తేడా, అంటే ప్యాకెట్టు సైజు హద్దులో తేడా. ఒక పక్క 1500, ఇంకో పక్క 1400 పెట్టండి. పింగ్ వెళుతుంది. హలోలు వెళతాయి. షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్ అని కొడితే పొరుగు రౌటర్ కనిపిస్తుంది కూడా. కానీ స్థితి దగ్గర ఎక్స్‌స్టార్ట్ అనో ఎక్స్‌ఛేంజ్ అనో రాసి ఉంటుంది, ఎంతసేపు చూసినా ఫుల్ కాదు. ఇద్దరూ తమ దగ్గరున్న లింక్ స్టేట్ డేటాబేస్ సారాంశం మార్చుకునే ఘట్టంలో ఇరుక్కుపోయారన్నమాట. ఈ స్థితుల పేర్లు పుస్తకంలో బట్టీ పట్టి మరిచిపోయినవాళ్లు కూడా దీన్ని ఒకసారి చూశాక మరిచిపోలేరు. పక్కనే వైర్‌షార్క్ తెరిచి ఆ కేబుల్ మీద పోయే ప్యాకెట్లు పట్టుకోండి. 1998లో జెరాల్డ్ కోంబ్స్ ఈథీరియల్ పేరుతో వదిలిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, 2006లో పేరు మారింది. జీఎన్ఎస్3లో ఏ కేబుల్ మీదైనా మౌస్ కుడి మీట నొక్కి దీన్ని తగిలించవచ్చు. కంప్యూటర్లకు అడ్రస్ పంచే డీహెచ్‌సీపీలో డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్ అని నాలుగు మాటలు ఒకదాని వెంట ఒకటి పోతుంటే కళ్లారా చూడవచ్చు.

మరి అసలు పెట్టెలు కొనక్కర్లేదా? పరీక్ష కోసమైతే అక్కర్లేదు. కానీ కన్సోల్ కేబుల్ ఎప్పుడూ పట్టుకోనివాడు మొదటి రోజు డేటా సెంటర్‌లో తడబడతాడు. అందుకని రెండు స్విచ్‌లు, కుదిరితే ఒక రౌటర్ చాలంటాను. కొత్తవి వద్దే వద్దు. హైదరాబాద్ ఐటీ కంపెనీలు ఎప్పటికప్పుడు పాత సామాను తీసేస్తుంటాయి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అంటారు. పాత కంప్యూటర్ సామానుకు పేరున్న చోటు. చెన్నైలో ఉన్నవాళ్లకు రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు, ఢిల్లీలో నెహ్రూ ప్లేస్. ధర బేరాన్ని బట్టి, ఆ వారం ఎంత సామాను దిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే నేను అంకె చెప్పను, నాలుగు షాపులు తిరగమంటాను.

స్విచ్‌ల్లో కాటలిస్ట్ 2960 చూడండి. ఒక మెలిక ఉంది: మోడల్ నంబరు చివర ఎస్ అక్షరం ఉంటే అది ల్యాన్ లైట్ రకం, కొన్ని సదుపాయాలు ఉండవు. ఎల్ ఉంటే ల్యాన్ బేస్, అదే అడగండి. రౌటర్‌లో 1941 మేలు, 1841 మరీ చవగ్గా వస్తే సరే. అంతకన్నా పాతవి ఎంత తక్కువకు ఇచ్చినా ఇంటికి తేకండి. సీరియల్ కార్డులు, వాటి లావుపాటి కేబుళ్లు అమ్మజూపితే నవ్వి ఊరుకోండి, వాటి కాలం అయిపోయింది. షాపులో కూర్చునే కరెంటు పెట్టించి చూడాలి. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టుకు కన్సోల్ కేబుల్ కలిపే అడాప్టర్ మీ వెంట తీసుకెళ్లండి. నకిలీ చిప్పు ఉన్న చవక అడాప్టర్లకు కొత్త విండోస్‌లో డ్రైవర్ పేచీ వస్తుంది, ఇందులో మాత్రం కక్కుర్తి పడకండి. పుటీ అనే సాఫ్ట్‌వేర్‌లో వేగం 9600 పెట్టి, బూట్ అయ్యేదాకా ఆగి, షో వెర్షన్, షో ఇన్వెంటరీ, షో ఫ్లాష్ కొట్టండి. ఫ్లాష్ ఖాళీగా ఉన్న పెట్టె వద్దు. ఫ్యాన్ తిరుగుతోందా, అన్ని పోర్టుల దీపాలూ వెలుగుతున్నాయా చూడండి.

పాస్‌వర్డ్ తెలియదంటే భయపడి వెనక్కి రాకండి, అది కూడా ఒక పాఠమే. రౌటర్ బూట్ అయ్యేటప్పుడు బ్రేక్ నొక్కి రామ్‌మాన్ అనే మోడ్‌లోకి వెళ్లి, కాన్ఫిగరేషన్ రిజిస్టర్ 2142కి మార్చి మళ్లీ లేపితే పాత సెట్టింగులు చదవకుండా లేస్తుంది. పని అయ్యాక 2102కి మార్చడం మరిచిపోతే మాత్రం మీరు దాచిన సెట్టింగులు ప్రతిసారీ మాయమవుతుంటాయి. స్విచ్‌కైతే ముందున్న మోడ్ బటన్ నొక్కి పట్టుకుని కరెంటు పెట్టాలి.

ఇలా తెచ్చిన స్విచ్‌లో సెట్టింగులు చెరిపేశాక కూడా పాత ఆఫీసు వీల్యాన్లు కనబడతాయి. అవి వీల్యాన్ డాట్ డీఏటీ అనే వేరే ఫైలులో, ఫ్లాష్‌లో ఉంటాయి. దాన్ని విడిగా తుడవాలి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, దీని వెనకే పెద్ద ప్రమాదం ఉంది. వీటీపీ అనే పద్ధతిలో స్విచ్‌లు వీల్యాన్ల జాబితాను ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఒకే డొమైన్ పేరున్న వాటిలో ఎవరి రివిజన్ అంకె పెద్దదైతే వాళ్ల జాబితానే అందరూ నమ్ముతారు. ల్యాబ్‌లో ఆటలాడి రివిజన్ పెంచిన స్విచ్‌ను అదే డొమైన్ ఉన్న ఆఫీసు నెట్‌వర్క్‌లో తగిలిస్తే అక్కడి వీల్యాన్లు తుడిచిపెట్టుకుపోతాయి, ఆ పోర్టుల మీదున్నవాళ్లందరికీ నెట్‌వర్క్ పోతుంది. ఇప్పటి సీసీఎన్ఏ సిలబస్‌లో వీటీపీ పేరు లేకపోయినా మీ రెండు స్విచ్‌లతో ఇది ఒకసారి చేసి చూడండి.

అదే రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు కలపండి. ఒక పోర్టు దీపం కాషాయంలోనే ఉండిపోతుంది. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తూ రేడియా పెర్ల్‌మన్ రూపొందించిన స్పానింగ్ ట్రీ చేసిన పని అది, వలయం ఏర్పడకుండా ఒక దారి మూసింది. ఏ స్విచ్ పెద్దరికం తీసుకుందో చూడండి. ప్రయారిటీ రెండింటికీ సమానం కాబట్టి మ్యాక్ అడ్రస్ చిన్నదిగా ఉన్నదే రూట్ అవుతుంది. తరచు అది ఇద్దరిలో ముసలి స్విచ్. అంటే ఎవరూ పట్టించుకోని నెట్‌వర్క్‌లో మూలన పడున్న పాత పెట్టె మొత్తానికి పెత్తనం చేస్తుంటుంది. ఇప్పుడు రెండింటిలోనూ వీల్యాన్ 1కి స్పానింగ్ ట్రీ ఆపెయ్యండి. కంప్యూటర్ నుంచి ఒక్క ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్ చాలు. ఆ ప్యాకెట్టు ఆగకుండా తిరుగుతూ, ప్రతి చుట్టుకూ మిగతా పోర్టులన్నిటికీ కాపీలు పోతూ, దీపాలన్నీ పిచ్చెక్కినట్టు కొట్టుకుంటాయి, కన్సోల్ కూడా జవాబు చెప్పడం మానెయ్యవచ్చు. ఒక కేబుల్ పీకితే క్షణాల్లో అంతా నిశ్శబ్దం. బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అనే మాటకు ఇంతకు మించిన వివరణ ఏ పుస్తకంలోనూ లేదు.

ఈ ఆట ఆడేటప్పుడు ల్యాబ్‌కూ ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కూ మధ్య కేబుల్ ఉండకూడదు. మీ ల్యాబ్ రౌటర్ ఇంట్లోవాళ్ల టీవీకి తన డీహెచ్‌సీపీ అడ్రస్ పంచిపెట్టి, సీరియల్ సగంలో ఆగిపోతే, మీ ల్యాబ్ మర్నాడే పాత సామాన్లవాడి బండెక్కుతుంది. చప్పుడు సంగతి కూడా ముందే చెప్పాలి. ఈ పెట్టెలు సర్వర్ గదుల కోసం చేసినవి, ఫ్యాన్లు హోరెత్తుతాయి. హాస్టల్ గదిలో అయితే సర్దుబాటు కష్టం. కరెంటు భయం మాత్రం అక్కర్లేదు. రెండు స్విచ్‌లు, ఒక రౌటర్ కలిపి 100 వాట్ల చుట్టుపక్కల లాగుతాయి. రోజుకు మూడు గంటలు నడిపితే నెలకు 9 యూనిట్లు. పని అయ్యాక ఆపెయ్యండి, అంతే.

వైర్‌లెస్ కంట్రోలర్, ఫైర్‌వాల్, నిలువెత్తు ర్యాక్ కొనకండి. వైర్‌లెస్ సాధన ప్యాకెట్ ట్రేసర్‌లో జరిగిపోతుంది. ఆటోమేషన్‌కు పైథాన్, నెట్‌మికో లైబ్రరీ, ఒక వర్చువల్ రౌటర్ చాలు. మన ఊళ్లలో కేబుల్ ఆపరేటర్ల దగ్గర ఇంటర్నెట్ పనిలో చేరాలనుకునేవాళ్లు మాత్రం లాత్వియా కంపెనీ మైక్రోటిక్ వాళ్ల చిన్న రౌటర్ ఒకటి చూడండి. చిన్న ఆపరేటర్ల దగ్గర ఎక్కువగా కనిపించేది అదే. దాని వర్చువల్ రూపం ఉచితంగా దొరుకుతుంది, వేగం 1 ఎంబీపీఎస్‌కు కట్టేసి ఉంటుంది, సాధనకు అదేం అడ్డు కాదు.

ఒక నోటుబుక్ పెట్టుకోండి. ఏం చెడగొట్టాను, బయటికి ఏం కనిపించింది, ఏ కమాండ్‌తో తేలింది అని తప్పుకొక పేజీ రాయండి. ఇంటర్వ్యూలో మీరు పరిష్కరించిన సమస్య ఒకటి చెప్పండి అంటారు. ఆ పుస్తకం ఉన్నవాడికి చెప్పడానికి ఉంటుంది. డంప్స్, అంటే బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు, బట్టీపట్టి పాసైనవాడికి ఉండదు, పైగా పట్టుబడితే సిస్కో సర్టిఫికెట్ రద్దు చేస్తుంది.

చివరగా ఒక విన్నపం. బజారుకు పోకముందే సిస్కో వెబ్‌సైటు నుంచి పరీక్షాంశాల పత్రం దించుకోండి, ఉచితమే. ఒక్కో అంశం పక్కన ప్యాకెట్ ట్రేసర్‌లో అవుతుందా, ఎమ్యులేటర్ కావాలా, పెట్టె కావాలా అని పెన్సిల్‌తో రాసుకోండి. పెట్టె కావాలని ఏ అంశం పక్కనా పడకపోతే ఆ డబ్బు పరీక్ష ఫీజుకు దాచుకోండి.